నల్లబడ్డానంటే నవ్వారు

నాకొచ్చిన జబ్బు పేరు అడిసన్స్. కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులని. నావి పనిచేయడం మానేశాయి. అది తేలేలోపు కావలిలో, నెల్లూరులో నా జబ్బుకు పెట్టని పేరు లేదు. గ్యాస్ అన్నారు, రక్తం తక్కువన్నారు, చివరికి టెన్షన్ అన్నారు.

ఒక పెళ్ళిలో మా ఆడబిడ్డ అందరి ముందూ, "ఏంది వదినా, ఇట్టా నల్లబడిపోయినావు? అన్న నిన్ను ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో పనికి పంపిస్తా ఉండాడా?" అనింది. పంక్తిలో అందరూ నవ్వారు. ఎండలో పనిచేసేవాళ్ళకు మొహం, చేతులు నల్లబడతాయి. నాకు అరచేతి గీతలు, చిగుళ్ళు, బుగ్గల లోపల కూడా నల్లబడ్డాయి. అక్కడికి ఎండ ఎట్లా పోయిందని ఒక్కరూ అడగలేదు.

ఉప్పు మీద పిచ్చి పట్టింది. నిమ్మకాయ ఊరగాయలో ఊట వేలితో నాకేదాన్ని. బీపీ వస్తుందని మా అత్త జాడీ అటక మీద దాచింది. నా బీపీ 90 దాటితే గదా! మా వీధి ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తే రెండు రోజులు లేచి తిరిగేదాన్ని, మళ్ళీ పడిపోయేదాన్ని. అదంతా నాటకమన్నవాళ్ళూ ఉన్నారు. అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ ఇవ్వకపోతే ఒంట్లో ఉప్పు మూత్రంలో పోతుంది. సెలైన్ అంటే ఉప్పునీళ్ళే.

నెల్లూరులో పెద్ద డాక్టరొకాయన నా మొహం కూడా చూడకుండా మా ఆయనతో, "మీ ఆవిడకు జబ్బేం లేదండీ, టెన్షన్. ఎటైనా తిప్పుకుని రండి" అని నిద్రమాత్రలు రాశాడు.

ఆ తర్వాత ఒక రాత్రి జ్వరం, ఆగని వాంతులు. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మాయి. నెల్లూరు పోయేదాకా మా ఆయన కారులో నా చెంపలు తడుతూనే ఉన్నాడు, పిల్లల పేర్లు చెప్పమంటున్నాడు. పెద్దాడి పేరు నాకు గుర్తు రాలేదు. అదీ నేను భయపడింది. క్యాజువాలిటీలో బీపీ 70/40, రక్తంలో ఉప్పు, అంటే సోడియం, 118. మామూలుగా 135 పైన ఉండాలి. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ టార్చి వేసి, నా కింది పెదవి వంచి చూసి, "అమ్మా, చిగుళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?" అంది. అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్షకు రక్తం తీసుకుని, రిపోర్టు కోసం ఆగకుండా దానికి బదులుగా పనిచేసే స్టెరాయిడ్, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చింది. తెల్లారేసరికి ఇడ్లీ అడిగాను.

కార్టిసాల్ తయారుచేయమని తలలోని పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపుతుందట. కింద పని జరక్కపోతే ఇంకా ఇంకా పంపుతుంది. అది ఎక్కువై చర్మానికి రంగిచ్చే కణాలను రేపుతుంది. ఈ నలుపు సంగతి 1855లోనే థామస్ అడిసన్ లండన్‌లో రాసిపెట్టాడు. ఫీజు తీసుకున్న ఆ పెద్ద డాక్టరుకు అది అక్కర్లేకపోయింది. మన దగ్గర టీబీ వల్ల కూడా ఈ గ్రంథులు పాడవుతాయి. నాకు టీబీ లేదు, నా రోగనిరోధక శక్తే వాటి మీద పడిందన్నారు.

మా అత్త జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కుకుంది, పోయి తీర్చుకొచ్చాం. జాడీ కూడా దించింది. ఇప్పుడు రోజూ మాత్రలు, జ్వరమొస్తే డోసు రెట్టింపు, వాంతులైతే వెంటనే ఇంజెక్షన్. జబ్బు పేరు రాసిన కార్డు పర్సులో ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్ళు మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. స్టెరాయిడ్ కదా, ఆపెయ్యమని చెప్పేవాళ్ళు మా బంధువుల్లోనే బయల్దేరారు. వాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఆ పని మా ఆయనకు అప్పగించాను.