గుండె ఇచ్చేవారు కావాలి

కిడ్నీ చెడిపోయినవారికి తల్లో తోబుట్టువో ఒక కిడ్నీ ఇచ్చి బతికించుకోగలరు. గుండెకు ఆ వెసులుబాటు లేదు. బ్రెయిన్ డెడ్ అయిన, అంటే మెదడు శాశ్వతంగా పనిచేయడం ఆగిపోయిన మనిషి కుటుంబం ఒప్పుకుంటేనే అది దొరుకుతుంది. కర్నూలులో మా బంధువు ఒకాయన ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని ఇప్పుడు అలాగే ఎదురుచూస్తున్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి, దిండ్లకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చుంటారు. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గానీ పూడదు.

వైద్యం వెనకబడి ఆయన ఎదురుచూడటం లేదు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చినప్పుడు ఆ రోగి 18 రోజులే బతికాడు. 1980లలో సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చాక, పరాయి గుండెను శరీరం తిరస్కరించకుండా అదుపు చేయడం సాధ్యమైంది. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్ ఈ ఆపరేషన్ చేశారు. అయినా నేటికీ మన దగ్గర పది లక్షల జనాభాకు ఏడాదికి ఒక్క మరణానంతర దాత కూడా తేలడం లేదు; స్పెయిన్‌లో నలభైకి పైగా ఉంటారు.

దాత దొరికినా బ్లడ్ గ్రూపు కలవాలి, శరీర పరిమాణం సరిపోవాలి, తీసిన గుండె దాదాపు నాలుగు గంటల్లో మరో ఛాతీలో కొట్టుకోవాలి. కర్నూలు నుంచి హైదరాబాదుకు రోడ్డు ప్రయాణానికే మూడు గంటలకు పైగా పడుతుంది.

అన్నిటికన్నా కష్టమైన ఘట్టం మాత్రం ఐసీయూ బయటే ఎదురవుతుంది. హైవే మీద ప్రమాదం జరిగి, మెదడు పూర్తిగా పనిచేయడం ఆగిపోయిన పిల్లవాడి ఛాతీ వెంటిలేటర్ వల్ల లేస్తూ పడుతూ ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. "గుండె కొట్టుకుంటుంటే చనిపోయాడని ఎట్లా అంటారు?" అని తండ్రి అడిగితే అందులో తప్పేముంది? నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి, వెంటిలేటర్ సాయం ఆపితే సొంతంగా ఊపిరి తీసుకునే ప్రయత్నం లేదని కూడా చూసుకున్న తర్వాతే నిర్ధారిస్తారని ఆ గంటలో మొదటిసారి వినే కుటుంబం, దుఃఖంలో ఏ సంతకం చేయగలదు? అందుకే ఈ మాట ఇంట్లో, అందరూ బాగున్నప్పుడే రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అవయవదాన పత్రం నింపి ఊరుకుంటే చాలదు, ఆ రోజు వైద్యులు అడిగేది ఇంటివాళ్లనే.

నా అవయవాలు దానం చేయాలన్న నిర్ణయం ఇంట్లో చెప్పాను. మా అబ్బాయి సరేనన్నాడు. అమ్మ మాత్రం, గుండె లేకుండా సాగనంపితే పైలోకంలో లోటవుతుందేమోనని భయపడుతోంది. శరీరాన్ని శుభ్రంగా కుట్టి గౌరవంగా అప్పగిస్తారని చెప్పాక, తన కళ్లయితే ఇస్తానంది. గుండె సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నాం.