మావాణ్ణి బడి మాన్పించాక

నాది ఖమ్మం. మా ఆయన అమెరికాలోని జార్జియా రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. అట్లాంటా శివార్లలో ఉంటాం. మావాడు రెండో తరగతిలో ఉండగా బడి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క పెట్టుకోవడం మానేశాను. కుదురుగా కూర్చోడట. లైన్లో ముందువాణ్ణి నెట్టాడట. అదే పని చేసిన ఇంకో పిల్లాడు "ఆటల్లో పడ్డాడు". మావాడి చీటీలో మాత్రం "దూకుడు స్వభావం" అని రాశారు. ఆ రాత్రి మా ఆయన కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. "ఈ వయసులో నా గురించి కూడా ఇదే మాట రాశారు" అన్నాడు. జనవరిలో మాన్పించేశాం.

కాగితాల పని పెద్ద కష్టమేం కాదు. జార్జియాలో అయితే ఇంట్లో చదువు, అంటే హోమ్‌స్కూలింగ్, మొదలుపెట్టిన 30 రోజుల్లోపు రాష్ట్ర విద్యాశాఖకు డిక్లరేషన్ పంపాలి, ఆ తర్వాత ఏటా సెప్టెంబర్ 1లోపు. ఏడాదికి 180 రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు చెప్పాలి. ఆన్‌లైన్‌లో పావుగంటలో అయిపోయింది. అసలు కష్టం మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మొదలైంది. వంటింటి బల్ల దగ్గర వాడు, నేను, ఒక లెక్కల పుస్తకం. కాసేపటికి ఇద్దరం ఏడుస్తూ కూర్చున్నాం.

"బడి మాన్పించడమేంటే, వాడేం తప్పు చేశాడని?" అంది అమ్మ వీడియో కాల్‌లో. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి మారిపోండి" అన్నారు. నా మేలు కోరే చెప్పారు, కాదనను. కానీ ఇల్లు మారితే వాడి ఒంటి రంగు మారదు కదా. ఆ మాట టైప్ చేసి, పంపలేక చెరిపేశాను.

దగ్గర్లో హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు కలిసి నడుపుకునే ఒక కోఆప్ ఉందని తెలిసి వెళ్లాం. చేరాలంటే మత విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలన్నారు. మా ఆయన చర్చికి వెళ్తాడు, నేను ఇంట్లో దీపం పెట్టుకుంటాను. మనసులో లేనిది ఉందని సంతకం పెట్టలేక వచ్చేశాను. ఇంకోచోట పాత చరిత్ర పుస్తకాల సెట్ చవగ్గా దొరికితే కొన్నాను. అందులో బానిసత్వం గురించి ఒకటిన్నర పేజీ ఉంది. బానిసలను "తోట పనివాళ్లు" అని రాశారు. మావాడు చదివి, తలెత్తి, "వాళ్లకి జీతం ఎంత ఇచ్చేవాళ్లమ్మా?" అని అడిగాడు. ఆ సెట్ మళ్లీ బయటికి తీయలేదు.

దారి చూపింది మా అత్తగారు. "'బ్లాక్ హోమ్‌స్కూల్' అని వెతికావా?" అన్నారు. నిజంగానే ఆ ఒక్క మాట చేర్చి వెతకలేదు నేను. చేర్చేసరికి వేరే లోకం కనిపించింది. ఎరిక్, జాయిస్ బర్జెస్ దంపతులు లూసియానాలో 2000లోనే నేషనల్ బ్లాక్ హోమ్ ఎడ్యుకేటర్స్ అనే సంస్థ పెట్టారు. మాకు దగ్గర్లోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో ప్రొఫెసర్ చెరిల్ ఫీల్డ్స్-స్మిత్ ఏళ్లుగా ఈ కుటుంబాల మీదే పరిశోధన చేస్తున్నారు. అమెరికా సెన్సస్ బ్యూరో సర్వేలో ఇంకో లెక్క చూశాను. పిల్లలున్న నల్లజాతి ఇళ్లలో 2020 ఏప్రిల్–మే నాటికి 3.3 శాతం హోమ్‌స్కూలింగ్ చేస్తుంటే, అక్టోబర్‌కల్లా అది 16.1 శాతం అయింది. కోవిడ్‌లో పిల్లల క్లాసులు ఇంట్లోనే జరిగేసరికి, టీచర్లు తమ బిడ్డలతో ఎలా మాట్లాడుతున్నారో చాలామంది తల్లులు చెవులారా విన్నారు. ఆ తల్లులే తర్వాత నాకు దొరికారు.

మొదట చేరిన రెండు గ్రూపుల్లో పొద్దున లేస్తే పుస్తకాల అమ్మకాలే, బయటికొచ్చేశాను. మూడోది ఫేస్‌బుక్‌లో ఒక ప్రైవేట్ గ్రూపు. చేరేముందు మూడు ప్రశ్నలు అడిగారు. అలా అడిగే గ్రూపుల్నే నమ్మొచ్చని ఇప్పుడు నేను కొత్తవాళ్లకి చెబుతుంటాను. పిల్లల ఫొటోలు పెట్టకూడదనేది అక్కడ రూలు. "మీరు నల్లజాతి బిడ్డను పెంచుతున్నారా?" అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది వాళ్ల చోటు, నేను పరాయిదాన్ని. ఉన్నదున్నట్టు రాశాను: నేను ఇండియా నుంచి వచ్చాను, మా అబ్బాయి నల్లజాతి పిల్లాడు, వాణ్ణి ఎలా చదివించాలో తెలియడం లేదు. మర్నాటికి చేర్చుకున్నారు.

ఆ రాత్రే ఏడుపు సంగతి రాశాను. ఎందుకు మాన్పించావని ఒక్కరూ అడగలేదు. "పుస్తకాలు మూసెయ్, ముందు వాణ్ణి నిద్రపోనీ, ఆడుకోనీ" అన్నారు. బడి బెదురు తీరేదాకా పిల్లాణ్ణి అలా వదిలేయడాన్ని డీస్కూలింగ్ అంటారట. రెండు నెలలు వంటలు, లైబ్రరీ, సైకిలు, అంతే. మూడో తరగతి చివర రాయాల్సిన టెస్ట్ గురించి నేను టెన్షన్ పడుతుంటే, ఫలితం ఎవరికీ పంపక్కర్లేదు, మన ఫైల్లో ఉంచుకుంటే చాలని చెప్పిందీ వాళ్లే.

మంగళవారం రాత్రి ఏడింటికి పిల్లలందరికీ జూమ్ క్లాసు. కథలు చెప్పేది జార్జియాలోనే సవానా అనే ఊళ్లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఒకరోజు సూసీ కింగ్ టేలర్ గురించి చెప్పారు. 1848లో జార్జియాలో బానిసగా పుట్టిన పిల్ల. అప్పట్లో బానిసలకు చదువు చెప్పడం ఇక్కడ నేరం. సవానాలో ఒక నల్లజాతి వితంతువు తన వంటింట్లోనే రహస్యంగా బడి నడిపేది. పోలీసుల కంట పడకుండా పిల్లలు పుస్తకాలకు కాగితం చుట్టుకుని, ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి వెళ్లేవారు. ఆ సూసీయే తర్వాత, అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికులకు చదవడం నేర్పింది.

మావాడు కళ్లార్పకుండా విన్నాడు. నాకు జూన్ నెల గుర్తొచ్చింది. కొత్త పుస్తకాలకు నాన్న బ్రౌన్ పేపర్‌తో అట్టలు వేస్తుంటే నేను పేరు చీటీలు అంటించేదాన్ని. పుస్తకం పాడవకూడదనే మా బాధంతా.

క్లాసయ్యాక వాడు కిరాణా సంచీ ఒకటి చింపి తెచ్చుకున్నాడు. అంచులు ఎలా మడవాలో చూపించాను. అమ్మమ్మ పంపిన పెద్ద బాలశిక్షకు తనే అట్ట వేశాడు.

మర్నాడు తొమ్మిదింటికి పెరటి తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. పుస్తకం చొక్కా కింద దాచుకుని వంటింట్లోకి వచ్చి, "ఎవరూ చూడలేదమ్మా" అన్నాడు గుసగుసగా. నేను తలుపు గడియ పెట్టి వచ్చి, క గుణింతం పేజీ తీశాను.