నెంబరు ఉంది, ఛానల్ లేదు

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ లాంటి ఛానళ్లు చాలాచోట్ల కేబుల్‌లో రావడం ఆగిపోయాయి. మా ఇంట్లోనూ అంతే. కేబుల్ అబ్బాయిని అడిగితే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నన్నేం అడక్కండన్నా, పైనుంచే రావట్లేదు" అన్నాడు. నెల డబ్బులు వసూలు చేసుకునే కుర్రాడికి అంత భయం ఎందుకుండాలి?

ఇది ఒక్క పార్టీ చేసిన పని కాదు. 2014లో తెలంగాణ వచ్చిన కొత్తలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. ఏబీఎన్ ఏడాదికి పైగా రాలేదు. 2019లో ఏపీలో వచ్చిన జీవో 2430 అయితే, వార్త తప్పనుకుంటే శాఖల కార్యదర్శులే కేసులు పెట్టొచ్చంది. అప్పుడు గట్టిగా అరిచినవాళ్లలో చాలామంది 2024లో నోరు మెదపలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మన ఛానళ్లకు, పేపర్లకు పక్షపాతం లేదా అంటే, బోలెడంత ఉంది. ఒకే సభ ఒక పేపర్లో జనసంద్రం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీల ఫొటో. మా నాన్న అందుకే రెండు పేపర్లూ వేయించుకుంటారు. నచ్చని ఛానల్‌ని రిమోట్‌తో నేనే మార్చుకుంటాను. ఆ పని నా తరఫున ఇంకెవరూ చేయక్కర్లేదు.

అన్నిటికంటే నాకు దిగులు మండలాల్లో ఉండి పేపర్లకు, ఛానళ్లకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ల గురించే. ఇసుక లారీల మీద వార్త రాస్తే యాజమాన్యం, లాయర్లు హైదరాబాద్‌లో ఉంటారు. రాసిన కంట్రిబ్యూటర్ మాత్రం ఆ ఊళ్లోనే, ఆ లారీల మధ్యే తిరగాలి. కేసు పడితే వాయిదాలకు బస్సు చార్జీలు కూడా చాలాసార్లు సొంత జేబులోంచే పెట్టుకోవాలి.