చౌడుకు జిప్సం కన్నా ముందు మురుగు దారి చూడాలి

చౌడు నేల అనగానే జిప్సం బస్తాలు దింపించేవాళ్లు ఎక్కువ. అది పాల చౌడో కారు చౌడో తేల్చుకోకుండా వేస్తే డబ్బు మట్టిపాలే. ఆ తేడా తేల్చడం దగ్గరే వ్యవసాయ విశ్వవిద్యాలయాల అసలు పని మొదలవుతుంది.

పాల చౌడులో ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 4 డెసీసైమన్లు దాటుతుంది, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. దీనికి జిప్సం అక్కర్లేదు. మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దించి, మురుగుతో బయటికి పంపాలి. కారు చౌడు సంగతి వేరు. పీహెచ్ 8.5 దాటుతుంది, సోడియం మట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది, నీరు ఇంకదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి దాని చోట కూర్చుంటుంది.

మట్టి పరీక్ష రిపోర్టు చదవడంలో ఒక చిక్కుంది. ఈసీ 4 అన్న హద్దు, మట్టిని నీళ్లతో ముద్దగా కలిపి పిండి తీసిన ద్రావణానికి పెట్టింది. చాలా ల్యాబుల్లో ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు. అప్పుడు అంకె బాగా తగ్గి, చౌడు నేల కూడా మంచిదిగా కనిపిస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తీరాలి. నమూనా ఎండాకాలంలో తీయాలి. పై పొరతో ఆపకుండా 90 సెంటీమీటర్ల దాకా పొరలవారీగా తీయాలి.

కారు చౌడు అని తేలితే చేనును చదును చేసి, చిన్న మడులుగా విడగొట్టి గట్టి గట్లు వేయాలి. ల్యాబు లెక్క కట్టిన జిప్సంలో సగం వేసినా వరికి సరిపోతుంది. దాని వేళ్లు పైపైనే ఉంటాయి. పైన 10 సెంటీమీటర్లలోనే కలపాలి, లోతుగా దున్నితే పలచబడిపోతుంది. జిప్సం లీటరు నీటిలో రెండు మూడు గ్రాములకు మించి కరగదు, అందుకే వారం పది రోజులు నీరు నిలబెట్టి, తీసేసి, మళ్లీ పెట్టాలి. తర్వాత పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూత దశలో కలియదున్ని వరి నాటాలి. నారు కాస్త ముదురుదైతే మేలు. జింకు లోపం దాదాపు ఖాయం కాబట్టి జింక్ సల్ఫేట్ మరవకూడదు.

ఇంత చేసినా ఆ ఉప్పునీరు బయటికి పోయే దారి లేకపోతే శ్రమంతా వృథా. పక్క చేలోకి వదిలితే చౌడు అక్కడికి చేరుతుంది. మడిలోనే ఇంకనిస్తే వేసవిలో కిందినుంచి తిరిగి ఎగబాకుతుంది. నీటిమట్టం పైకొచ్చేసిన ఆయకట్టుల్లో పై కాలువలు చాలవు, భూగర్భ మురుగు గొట్టాలు కావాలి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బాపట్ల శాస్త్రవేత్తలు ఇండో-డచ్ (భారత్, నెదర్లాండ్స్ ఉమ్మడి) ప్రాజెక్టు కింద కోనంకిలో, ఉప్పుగుండూరులో ఈ పద్ధతిని రైతుల చేలల్లోనే పరీక్షించారు. మొదటిది సాగర్ కుడి కాలువ కింద, రెండోది కృష్ణా పశ్చిమ డెల్టాలో. చిల్లులున్న ముడతల గొట్టాలను మీటరు లోతు ప్రాంతంలో పరిచి, చుట్టూ వడపోత గుడ్డ చుడతారు. గుడ్డ సరిగా లేకపోతే ఒండ్రు చేరి గొట్టం మూసుకుపోతుంది. వాలు తేడా వచ్చినా అంతే.

మురుగు వాటంగా పోని చోట గుంతలో చేర్చి మోటారుతో తోడాలి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, మోటారు ఎవరు వేయాలో ముందే రాసుకోని చోట గొట్టాలు బాగున్నా పథకం ఆగిపోతుంది. ప్రాజెక్టు ముగిశాక కూడా విశ్వవిద్యాలయం అక్కడే ఉండాలని నా గట్టి అభిప్రాయం. నేలలోకి దించిన పరిశీలన గొట్టాల్లో భూగర్భ నీటిమట్టం, మురుగునీటి ఈసీ పదిహేను రోజులకోసారి కొలవడం పీజీ విద్యార్థులకు పెద్ద పని కాదు. ఏ మడిలో ఉప్పు తిరిగి పెరుగుతోందో పైరు మాడకముందే చెప్పేవి ఆ అంకెలే.