యాక్సెస్ డినైడ్ అన్న పాత డిస్కు నుంచి ఫొటోలు ఎలా తీశానంటే

మా పాత విండోస్ 7 ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు పోయింది. హార్డ్ డిస్కు బాగానే ఉందని ఊడదీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి, కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు తగిలించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస దగ్గర మా అప్ప వాళ్ల కొబ్బరితోటలో తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. డ్రైవ్ కనిపించింది, ఎంత ఖాళీ ఉందో కూడా చూపించింది. నా పేరున్న ఫోల్డర్ తెరవబోతే మాత్రం అనుమతి లేదంది. కంటిన్యూ నొక్కితే పచ్చగీత కాసేపు పాకి, మళ్లీ అదే మాట.

శ్రీకాకుళంలో ఒక షాపులో చూపిస్తే ఫార్మాట్ చేసి, తర్వాత రికవరీ చేస్తామన్నారు. నాకు నచ్చలేదు. డిస్కు చప్పుడు చెయ్యట్లేదు, సైజు సరిగ్గా చూపిస్తోంది, ఫార్మాట్ చెయ్యమని విండోసూ అడగట్లేదు. మరి ఉన్నవాటిని తుడిచేసి వెతుక్కోవడం దేనికి? ఇంటికి తెచ్చేశాను.

విండోస్ మామూలుగా ఫైళ్లను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో డిస్కులో సర్దుతుంది. అలాంటి డిస్కులో ప్రతి ఫోల్డర్‌కూ ఓనర్ ఎవరో, ఎవరెవరు తెరవొచ్చో రాసి ఉంటుంది. అక్కడ ఉండేది పేరు కాదు, ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి నంబరు. రెండు ల్యాప్‌టాప్‌ల్లోనూ నా పేరు ఒకటే, నంబర్లు వేరు. అందుకే ఆ డిస్కుకు నేను పరాయివాణ్ణి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ పక్కన ఛేంజ్ నొక్కి నా అకౌంట్ పేరు కొట్టి, చెక్ నేమ్స్ నొక్కాను. కింద 'రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్' దగ్గర టిక్ పెట్టాలి, లేకపోతే పై ఫోల్డర్ ఒక్కటే మనదవుతుంది. ఇక్కడితో పనైపోయిందనుకుంటారు చాలామంది. ఓనర్ కావడం వేరు, తెరిచే హక్కు వేరు. ఓనరైతే ఆ హక్కు మనకు మనమే రాసుకోవచ్చు, అంతే. అందుకే ఆ విండో మూసి, మళ్లీ తెరిచి, యాడ్ నొక్కి నా పేరుకు ఫుల్ కంట్రోల్ ఇచ్చి, లోపలి ఫైళ్లన్నిటికీ అది వర్తించేలా కింద ఉన్న టిక్ కూడా పెట్టాను. ఫైళ్లు వేలల్లో ఉంటే చాలాసేపు పడుతుంది. మధ్యలో కేబుల్ పీకొద్దు. మొత్తం డ్రైవ్‌కి కాకుండా మనకు కావలసిన ఫోల్డర్ వరకే చెయ్యడం మేలు.

"ఏట్రా, దొరికినాయా ఫొటోలు?" అని అప్ప ఈలోగా రెండు ఫోన్లు.

దొరికాయి. డాక్యుమెంట్స్‌లో 'మై పిక్చర్స్' అనేది ఒకటి ఇంకా డినైడ్ అంటూనే ఉంది. హిడెన్ సిస్టమ్ ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టుకున్నవాళ్లకు ఇది కంగారు పుట్టిస్తుంది. అది నిజం ఫోల్డర్ కాదు, పాత సాఫ్ట్‌వేర్ల కోసం విండోస్ పెట్టుకున్న దారి గుర్తు. అసలు ఫొటోలు పక్కనున్న పిక్చర్స్‌లో ఉంటాయి.

డిస్కు మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చే విండోస్ సదుపాయం బిట్‌లాకర్. దాని తాళం పడి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. దానికి పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీయో ఉండాలి. ఫైళ్లను విడిగా విండోస్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య లిపిలోకి మార్చి) ఉంటే, వాటికి తాళంచెవిలాంటి పాత సర్టిఫికెట్ కావాలి, ఓనర్ని మార్చినా తెరుచుకోవు.

అప్పకు ఫొటోలన్నీ ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాను. ఎక్స్‌ఫ్యాట్ కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్ లాగే ఫైళ్లను సర్దే పద్ధతే, కానీ అందులో ఈ ఓనర్ల గొడవ లేదు, ఇప్పటి కంప్యూటర్లలో దాదాపు దేంట్లో పెట్టినా తెరుచుకుంటుంది.