మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని: 2 కొరింతీ 8:20-21 ధ్యానం

పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన రెండో లేఖలో 8, 9 అధ్యాయాలనగానే మనకు ఠక్కున గుర్తొచ్చే మాట ఒకటే: "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును." విరాళాలు అడిగే ఆదివారం ప్రసంగంలో వినిపించేదీ అదే. దానికి కాస్త ముందు, 8వ అధ్యాయం 20, 21 వచనాల దగ్గర మాత్రం ఎవరూ పెద్దగా ఆగరు. ఇంత పెద్ద విరాళం మా చేతుల మీదుగా వెళ్తోంది, ఎవరూ వేలెత్తి చూపకుండా జాగ్రత్త పడుతున్నాం, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని చూస్తున్నాం అంటారు పౌలుగారు. విచారణలో, అంటే మన గుడి పరిధిలోని సంఘంలో, బట్టలు, పుస్తకాలు, మందులు పోగుచేసి సముద్రం అవతలి మిషనుకు (క్రైస్తవ సేవా కేంద్రానికి) పంపేవాళ్లు గోడకు అంటించుకోవలసిన వచనాలివి.

రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో, అంటే క్రీ.శ. 41-54 మధ్య, కరవు వచ్చినప్పుడు అంతియొకయ విశ్వాసులు బర్నబా, సౌలుల (సౌలంటే పౌలుగారే) చేతికిచ్చి, యెరూషలేము ఉన్న యూదయకు సాయం పంపారు. ఆ తర్వాత యెరూషలేములోని పేదల కోసం పౌలుగారు ఊరూరా సంఘాల నుంచి విరాళం కూడగట్టారు. ఆ పని ఎలా చేశారో 1 కొరింతీ 16లో ఉంది. వారం మొదటి రోజున ఎవరి రాబడిని బట్టి వాళ్లు తీసి పక్కన పెట్టండి, నేను వచ్చాక వసూళ్లు మొదలుపెట్టొద్దు, మీరు నమ్మి ఎంచుకున్నవాళ్లకే ఉత్తరాలిచ్చి పంపుతాను అంటారు. అపొస్తలుల కార్యాలు 20:4లో ఆయన వెంట ప్రయాణమైన ఏడుగురి పేర్లున్నాయి: బెరయ మనిషి, తెస్సలొనీక వాళ్లు, దెర్బె వాడు, ఇలా. వాళ్లు ఆయా సంఘాల తరఫున విరాళంతో పాటు వెళ్లినవాళ్లే అని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఒక్కడి చేతికి మూట అప్పగించడానికి పౌలుగారు ఒప్పుకోలేదు, ఆ ఒక్కడు తానే అయినా సరే.

అందుకే ప్యాకింగ్ లిస్టు రాయడాన్ని భక్తిలో భాగంగానే చూస్తాను. పెట్టె నంబరు, లోపల ఏముంది, ఎన్ని, ఎంత బరువు. చేతులు నొప్పి పుట్టే పని. కానీ లిస్టులో ఒకటి, పెట్టెలో ఒకటి ఉంటే అవతలి ఓడరేవులో కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. ఆగిన ప్రతి రోజుకూ అద్దె లెక్క పెరుగుతుంది. చివరికి ఆ భారం మన సాయం కోసం ఎదురుచూస్తున్న మిషను నెత్తిన పడుతుంది. సరుకు పేర్చే చెక్క పాలెట్లకూ నియమం ఉంది: ఆ చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు ఉండేలా చూడడం అందులో ఒక పద్ధతి. మన చెక్కలోని పురుగు అవతలివాళ్ల అడవులకు పట్టకుండా. పొరుగువాణ్ణి ప్రేమించడం అక్కడిదాకా వెళ్తుంది.

ఇక పెట్టెలో ఏం పెడుతున్నాం? వేరుచేసే బల్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీ కొత్తగా కుట్టి తెచ్చిన చొక్కా ఒకటి. దాని కిందే కాలరు చిరిగి, చంకల్లో మరకలు పట్టినది ఇంకొకటి. జత లేని బూటు, గడువు దాటిన దగ్గు మందు. గుడ్డి పశువును, కుంటి పశువును బలికి తెచ్చినవాళ్లతో మలాకీ ప్రవక్త ద్వారా ప్రభువు అడిగిన ప్రశ్న (1:8) గుర్తొస్తుంది: దాన్ని మీ అధికారికి ఇచ్చి చూడండి, సంతోషిస్తాడా? మందుల దానం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే సూత్రం ఉంది. మన దగ్గర పనికిరానిది అవతలివాళ్లకూ పనికిరాదు. పేదవాడిలో క్రీస్తునాథుడున్నాడని నమ్మేవాళ్లకు ఇది ఇంకెవరో చెప్పాల్సిన పని లేదు.

యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ పేతురుగారికి చూపించింది ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను. ఆమె ఏం మాట్లాడిందో అక్కడ ఒక్క ముక్క కూడా లేదు. ఆ బట్టలు చాలు.

నాకు మరీ ఇష్టమైన వచనం ఇంకొకటుంది, 2 తిమోతి 4:13. చెరలో ఉన్న పౌలుగారు తిమోతిని అడుగుతున్నారు: త్రోయ పట్టణంలో కర్పు దగ్గర వదిలి వచ్చిన పైవస్త్రాన్ని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తీసుకురా. చలికాలం రాకముందే బయలుదేరమని ఆ తర్వాత మళ్లీ చెబుతారు. ఏం కావాలి, ఎక్కడుంది, ఎప్పటిలోగా కావాలి, అన్నీ స్పష్టంగా. పుచ్చుకునేవాడికి తన అవసరమేమిటో తెలుసు. మనం ముందుగా మిషనుకు ఉత్తరం రాసి అడిగితే వాళ్లూ ఇలాగే చెబుతారు: బట్టలు ఇక్కడే దొరుకుతాయి, కళ్లజోళ్లు పంపండి. లేదా ఈసారి సరుకేమీ వద్దు, ఆ రవాణా ఖర్చు డబ్బుగా పంపితే ఇక్కడే కొనుక్కుంటాం. ఆ జవాబు వస్తే పోగుచేసిన పెట్టెలు మిగిలిపోయాయని మనసు నొచ్చుకోవచ్చు. అయినా వాళ్ల మాట ప్రకారమే చేయాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా పౌలుగారికి దిగులు తీరలేదు. యెరూషలేములోని వాళ్లకు నా ఈ సేవ నచ్చేలా నాతో కలిసి ప్రార్థించండి అని రోమీయులను బతిమాలారు (15:30-31). మన కంటైనర్ బయలుదేరే ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో ఈ మనవి కూడా చేర్చండి: పెట్టెలు మోసేవాళ్ల కోసం, ఓడ నడిపేవాళ్ల కోసం, కాగితాలు పరిశీలించే అధికారి కోసం, అవతల మూత విప్పే మఠకన్యల కోసం, మనం పంపింది చూసి వాళ్ల మనసు చిన్నబుచ్చుకోకుండా ఉండాలని.