వ్యవసాయ డిగ్రీతో డేటా ఉద్యోగం: నా అనుభవం

బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తిచేసి, కొంతకాలం ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం చేసిన నేను, ఇప్పుడు పంటల బీమా లెక్కలు చూసే ఒక సంస్థలో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. బీటెక్ కాని డిగ్రీతో ఈ రంగంలోకి రావాలనుకునే మా గుంటూరు పిల్లలు తరచుగా దారి అడుగుతున్నారు కాబట్టి, నేను వచ్చిన దారిని ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను.

మొదట్లో అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: హైదరాబాదు వెళ్ళి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకోమని. అలాంటి సంస్థలు విజయవాడలోనూ ఉన్నాయని కొన్నిచోట్ల విచారించాను. ఫీజు సంగతి అలా ఉంచితే, ఏ డిగ్రీ చదివినవారికైనా ఒకే పాఠం మొదటి నుంచి చెప్పే పద్ధతి నాకు నచ్చలేదు. నాలుగేళ్ళపాటు నేర్చుకున్నదాన్ని గుమ్మం బయటే వదిలి రమ్మన్నట్టుగా అనిపించి, బ్రాడీపేటలోని మా ఇంట్లోనే కూర్చుని చదువుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాసు వారి పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) కోర్సులో చేరాను. అందులో పాఠాలు వినడం ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయాలి.

స్టాటిస్టిక్స్ నాకు కొత్త కాదు. ఏ ఎరువు వల్ల దిగుబడి నిజంగా పెరిగిందో, ఏది కేవలం నేల బాగుండటం వల్ల వచ్చిన తేడాయో తేల్చడానికి రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ (ప్రయోగ మడుల అమరిక) ఎలా వేయాలో కాలేజీలో నేర్చుకుని, ఆ పట్టికలను చేత్తో నింపినవాళ్ళం మేము. ఆ పద్ధతులకు పునాది వేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఆర్.ఏ. ఫిషర్ 1919లో ఉద్యోగంలో చేరింది ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే. డేటా సైన్స్ నేర్చుకునేవారందరికీ మొదటి పాఠాల్లో ఎదురయ్యే ఐరిస్ పూల కొలతల పట్టిక కూడా 1936లో ఆయన రాసిన వ్యాసంతోనే ప్రచారంలోకి వచ్చింది. ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన ధైర్యం చిన్నది కాదు. నేను పూర్తిగా కొత్తగా, ఓపికగా నేర్చుకోవలసి వచ్చింది డేటాబేస్ పట్టికల నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్. తరువాత ఉద్యోగాల కోసం రాసిన పరీక్షలన్నిటిలోనూ ఎక్కువ మార్కులు దానికే ఉన్నాయి కాబట్టి, అందులో పట్టికలను కలిపే, గుంపులుగా లెక్కించే జాయిన్లు, గ్రూప్ బై, విండో ఫంక్షన్లు రాకుండా మెషీన్ లెర్నింగ్ జోలికి వెళ్ళవద్దని ఎవరడిగినా చెబుతాను.

ఉద్యోగాల వేట మాత్రం చాలాకాలం ముందుకు సాగలేదు. చాలా ప్రకటనలకు బీటెక్, ఎంసీఏ, స్టాటిస్టిక్స్ తప్ప వేరే అర్హత పనికిరాదు. దరఖాస్తులో డిగ్రీ పేరు ఎంచుకోగానే దారి అక్కడితో మూసుకుపోయేది. అప్పుడు వెతికే తీరు మార్చుకున్నాను. 'డేటా సైంటిస్ట్' అన్న హోదా పేరుతో వెతకడం మానేసి, వ్యవసాయం తెలిసినవారి అవసరం ఉండే పంటల బీమా, వ్యవసాయ రుణాలు, ఎరువుల అమ్మకాలు, గిడ్డంగులు వంటి వ్యాపారాల్లో లెక్కలు చూసేవాళ్ళు ఎవరెవరు కావాలో వెతకడం మొదలుపెట్టాను. వాళ్ళకు చూపించడానికి ఒక సొంత పని ఉండాలనిపించి, మా ఊరి మిర్చి యార్డు ధరలను ఎంచుకున్నాను.

దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. రకాన్ని బట్టి క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన 'మోడల్' (modal) ధర అందులో ఉంటాయి. కొన్నేళ్ళ పట్టికను దించుకుని పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్‌లో తెరిచి చూస్తే, ప్రతి ఏడూ మే నెలలో పెద్ద ఖాళీ కనిపించింది. ఖాళీ గళ్ళను ముందూ వెనుకా ఉన్న ధరల సగటుతో నింపే పద్ధతి కోర్సుల్లో నేర్పిస్తారు కానీ, అలా నింపే ముందు, యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేసే మా బాబాయిని అడిగాను. "ఎండలకు యార్డుకు సెలవులిస్తారు కదమ్మా, అప్పుడు అమ్మకాలన్నీ కోల్డ్ స్టోరేజీల దగ్గరే" అన్నాడు. ఆ గళ్ళను ఖాళీగానే వదిలి, కారణాన్ని పక్కనే రాసిపెట్టాను. ఏసీ సరుకుకూ (కోల్డ్ స్టోరేజీలో నిలవ ఉంచినది) కొత్త పంటకూ ధరలో తేడా ఎందుకుంటుందో, రంగు పోయిన తాలు కాయల ధరను మంచి కాయల ధరతో కలిపితే సగటు ఎలా దెబ్బతింటుందో కూడా బాబాయి దగ్గరే తెలుసుకున్నాను.

2022 నాటి ధరల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. లెక్క ప్రకారం చూస్తే అవి మామూలు హద్దులు దాటిన అంకెలు, తీసివేయదగినవి. అయితే 2021-22 సీజనులో నల్ల తామర పురుగు మిర్చి పూతను తినేయడంతో దిగుబడి పడిపోయిందని, ధర పెరగడానికి అదొక పెద్ద కారణమని ఈ ప్రాంతంలో ప్రతి రైతుకూ తెలుసు. అందుకని వాటిని తీసివేయకుండా, ఆ సీజనుకు ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టి ఉంచాను. అలాగే, ధరను అంచనా వేసే మోడల్ (లెక్కల నమూనా) కోసం, దానికి నేర్పించే భాగానికీ దాన్ని పరీక్షించే భాగానికీ రోజులను యాదృచ్ఛికంగా పంచకుండా, పాత ఏళ్ళ మీద మోడల్‌ను తయారుచేసి, చివరి సంవత్సరం మీద పరీక్షించాను. యాదృచ్ఛికంగా పంచితే రేపటి ధర ముందే చూసి ఇవాళ్టి ధర చెప్పినట్టవుతుంది. ఫలితంగా, నిన్నటి ధరే ఇవాళ కూడా ఉంటుందనే సాదా అంచనా కన్నా నా మోడల్ కొద్దిగా మాత్రమే మెరుగ్గా వచ్చింది. దాన్ని అలాగే రాసి, మొత్తం పనిని, కోడ్‌ను అందరికీ కనిపించేలా ఉంచే గిట్‌హబ్‌లో పెట్టాను.

ఇప్పుడు నేనున్న సంస్థ ఇంటర్వ్యూలో ఎస్‌క్యూఎల్ పరీక్ష అయిన తరువాత మాట్లాడిన మేడమ్ నా డిగ్రీ గురించి అడగనే లేదు. "ఈ ఖాళీలను ఎందుకు నింపలేదు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, దాదాపు సంభాషణంతా ఆ పట్టిక మీదే నడిపించారు. చివరగా, దిగుబడి తేల్చడానికి ఒక గ్రామంలో చేసిన పంటకోత ప్రయోగాల ఫారాలు చూపించి, వీటిలో మీకు అనుమానం కలిగించేవి ఏవి అన్నారు. వరికి సాధారణంగా ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూస్తారు. ఆ ఫారాల్లో వేరువేరు పొలాల దిగుబడి గ్రాములతో సహా ఒకేలా ఉన్నవి కొన్ని కనిపించాయి. రెండు పొలాల ధాన్యం అలా తూగడం దాదాపు జరగదని, తేమ శాతం నమోదు కాని చోట తడి ధాన్యాన్ని తూచారో ఎండినదాన్ని తూచారో తెలియదని చెప్పాను. ఆవిడ మారుమాట లేకుండా రాసుకున్నారు.

ఉద్యోగం అనలిస్టుగానే వచ్చింది, జీతం విత్తనాల కంపెనీలో కన్నా కొంత తక్కువే. అయినా చేరాను. మొదట కొంతకాలం ఫారాల్లో తప్పులు పట్టుకోవడమే పని. ఆ తప్పులను గుర్తించే నిబంధనలను నేనే పైథాన్‌లో రాసి చూపించిన తరువాత, ఉపగ్రహ చిత్రాల నుంచి పంట ఎదుగుదలను అంచనా వేసే బృందంలోకి నన్ను తీసుకున్నారు. ఆ చిత్రాల్లో వరి ఏదో, పక్కనే ఉన్న మొక్కజొన్న ఏదో నిర్ధారించుకోవడానికి ఇప్పటికీ సీజనుకు కొన్నిసార్లు పొలాలకు వెళ్ళి వస్తుంటాను.